తీరాంధ్రపు ఉత్పాతములు: నందననామ సంవత్సరపు కరవు

గత సంచికలో 1789 నాటి కోరంగి ఉప్పెన వృత్తాంతమును ముగించితిని. ఉప్పెన ఒక పగలో ఒక రేయియో విజృంభించి తొలగిపోవును. అది రానున్నదని ఆనాటివారికి తెలియదు, వచ్చిన పిదప రాలేదని ఎవ్వరును అనజాలరు. కరవు నడక వేరు. అది వచ్చుచున్నదని రైతు కార్తెలు లెక్కించుకొనుచు ముందే గ్రహించును. కచేరీలోని గుమాస్తా సంక్రాంతి దాటిన పిదప కాగితము మీద పెట్టును. చెన్నపట్టణములోని రెవిన్యూ బోర్డువారు ఆ కాగితము నిజమా, శిస్తు ఎగవేయుటకు రైతులు పన్నిన పన్నుగడయా అని విచారించుచుండగా మరల వేసవి వచ్చును. ఈ మూడు కాలముల నడుమనున్న ఎడములోనే జనము నశించును. 1832-33 సంవత్సరములలో కృష్ణా గోదావరీ మండలములలో, అందును ముఖ్యముగా గుంటూరు సీమలో, జరిగినది ఇదియే. పంచాంగమునుబట్టి దానిని నందన కరవనియు, దారుల వెంబడి పడియుండిన ఎముకలనుబట్టి డొక్కల కరవనియు జనులు పిలిచిరి. పుట్టిన తేదీ వ్రాసికొను ఆచారము సామాన్యులలో లేని ఆ దినములలో, ఒకడు డొక్కల కరవునకు ముందు పుట్టినవాడా వెనుక పుట్టినవాడా అని వయస్సు నిర్ణయించుచుండిరట.

1831 నాటి పంటయే అంతంతమాత్రముగా నుండెను. 1832 మే నెలలో ఒక పెనుగాలి తీరమును కొట్టిపోయెను. అటుపిమ్మట మృగశిర, ఆర్ద్ర కార్తెలలో రావలసిన వానలు రాలేదు. పునాస పైరులు మొలకలోనే మాడిపోయెను. గుంటూరు సీమలో నల్లరేగడి నేలలు మెండు. ఆ నేలల జీవనమంతయు వెనుకటి వానలమీద, అనగా ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యమునుండి వచ్చు వానలమీద ఆధారపడియుండును. అవి కురిసి భూమి నానినయెడల జొన్న మంచుతోనే పండునని రైతులు చెప్పుకొందురు. ఆ యేడు అవియు తప్పినవి. రేగడి నేల నెఱ్ఱెలు విచ్చి, పశువు కాలు దిగబడి విరుగునంత వెడల్పున బీటలు వారును. అట్టి నేలను దున్నుటకు ఏ నాగలియు చాలదు.

ఇందులోని విపరీతమేమనగా, ఈ సీమకు ఉత్తరపు పొలిమేరగా కృష్ణానది పారుచున్నది. పడమటి కనుమలలో వానలు కురిసినంత కాలము, గుంటూరులో చినుకు పడకున్నను, ఆ నది నిండుగనే ప్రవహించును. అమరావతి రేవులో నిలిచి చూచినవానికి ఒకవైపు కడలివలె పారు నీరును, వేరొకవైపు ఎండి రంగు మారిన చేలును ఏకకాలమున కనబడును. ఆ నీటిని చేనికి మళ్ళించు మార్గము మాత్రము లేకుండెను. దానిని గూర్చి ముందు వ్రాయుదును.

వానలు తప్పుట క్రొత్త విషయము కాదు. మన దేశపు రైతు దానికి తన యేర్పాటు తాను చేసికొనియే యుండెను. రేగడి సీమలో జొన్నలను పాతరలలో నిలువచేయు ఆచారము చిరకాలమునుండి కలదు. మంచి యేట పాతర నింపి పైన మన్నుకప్పి మూసివైచినయెడల, చెడు యేట దానిని తీసి తిని, తరువాతి యేటికి విత్తనము మిగుల్చుకొందురు. కావున ఒక్క యేడు వాన లేకపోయినంతమాత్రమున సీమ సగము చావవలసిన పని లేదు. చచ్చినదన్నచో పాతరలు ముందే ఖాళీయై యుండవలెను. ఖాళీ చేసినదెవరు?

1788లో నిజాము నుండి గుంటూరు సర్కారు ఈస్టిండియా కుంపిణీవారి స్వాధీనమైన పిదప, 1802లో శాశ్వతపు పైసలా ఏర్పడి, సీమయంతయు కొలదిమంది జమీందారుల చేతిలో నుండెను. జమీందారు కుంపిణీకి చెల్లింపవలసిన పేష్కసు వాన కురిసినను కురియకున్నను మారనిది. దానికై అతడు రైతును పీడింపక తప్పదు. రైతు కిస్తునాటికి రొక్కము కొరకు, కళ్ళములో ధర పడిపోయియున్నప్పుడే గింజలు అమ్మక తప్పదు. పాతరకు పోవలసిన జొన్న ఈ విధముగా రూపాయిగా మారి ఖజానాకు పోయెను. దీనికి తోడు, ఈ సీమలో మిక్కిలి పెద్దదగు వాసిరెడ్డివారి సంస్థానము అప్పటికే చీలి చిక్కులలో పడియుండెను. అమరావతీ పురమును నెలకొల్పిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1816లో గతించిన తరువాత, ఆయన దత్తపుత్రులిద్దరి నడుమ వ్యాజ్యము పుట్టి, అదాలతులలో ఏండ్ల తరబడి నలిగి, తుదకు సముద్రము దాటి ఇంగ్లండులోని ప్రీవీ కౌన్సిలు వరకు నడచెను. ప్రభువు కోర్టులోనుండగా చెరువుకట్ట తెగినచో పూడ్చువాడెవడు? కాలువ పూడినచో తీయించువాడెవడు? ఇతర జమీందారులును బకాయీలలో మునిగియుండిరి; అమీనులును, ఇజారాదారులును గ్రామములను ఏలుచుండిరి. రేపు ఈ గ్రామము తనదగునో కాదో తెలియని ఇజారాదారుడు ఈనాడు పిండగలిగినంత పిండుకొనునే గాని వచ్చెడి యేటిని తలపోయడు.

సాలెవారి సంగతి వేరొకటి. ఇంజరము, మాధవాయపాలెము మొదలగు రేవులలో కుంపిణీవారి బట్టల కొఠీలు ఒకప్పుడు వేలకొలది మగ్గములను ఆడించుచుండెను. లాంకషైరు మరబట్ట వచ్చిపడగా, 1820ల చివర నుండి ఆ కొఠీలు ఒకదాని వెనుక నొకటి మూతపడినవి. పొలములేని సాలెవాడు గింజలు కొనుక్కొని బ్రదుకవలెను. కొనుటకు సొమ్ము మగ్గమునుండి రావలెను. అట్లే, కూలి గింజల రూపమున పుచ్చుకొను మాలమాదిగలకు పైరులు లేనియప్పుడు కూలి లేదు, కూలి లేనియప్పుడు గింజ లేదు. కరవు అందరికిని ఒక్కనాడు రాలేదు. వీరి గుడిసెలకు ముందు వచ్చినది, మోతుబరి పెంకుటింటికి తరువాత వచ్చినది, కొందరి ఇండ్లకు రానేలేదు.

1832 అక్టోబరులో చెన్నపట్టణమున లషింగ్టను దిగిపోయి సర్ ఫ్రెడరిక్ ఆడం గవర్నరాయెను. ధాన్యపు ధర పెరిగినయెడల వర్తకులే లాభమును కోరి ఎక్కడినుండియైనను గింజలు తెచ్చి అమ్ముదురు, సర్కారు నడుమ ప్రవేశించినచో ఆ వర్తకము చెడునను సిద్ధాంతము ఆనాటి ఇంగ్లీషు అధికారులకు వేదవాక్యము. ఈ సిద్ధాంతములోని లోపము పుస్తకములు చదివి తెలిసికొననక్కరలేదు, ఒక ఎడ్లబండిని తలచుకొన్న చాలును. బందరు రేవులో బియ్యపు ఓడ దిగినదనుకొందము. ఆ బియ్యము గుంటూరు చేరవలెనన్నచో పాతిక క్రోసుల నేలయు, నడుమ కృష్ణయు దాటవలెను. దారిలో గడ్డి లేదు, కుంటలో నీరు లేదు. ఎద్దులకు కావలసిన మేతను సైతము బండియే మోయవలెను. ఇక ఎద్దులే చచ్చిపోవుచున్నవి. కొనువాని చేతిలో కాసు లేదు. ఇన్ని అడ్డములు దాటి ఏ వర్తకుడు పోవును? లాభము వెదకు వర్తకుడు గుంటూరు పల్లెకు పోడు, కాసు గలచోటికి పోవును. సిద్ధాంతమునకు చలనము కలుగలేదు, జనమునకు కలిగినది.

వారు దారి పట్టిరి. కొందరు కృష్ణ దాటి నిజాము రాజ్యమునకును, మరికొందరు తీరమునగల బందరుకును, ఎక్కువమంది ఒంగోలు నెల్లూరుల మీదుగా చెన్నపట్టణమునకును నడచిరి. గుంటూరునుండి చెన్నపట్టణమునకు పోవు ఆ రాజమార్గము తరువాత ఏండ్ల తరబడి ఎముకలతో తెల్లబారియుండెనని కృష్ణామండలపు చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. తల్లిదండ్రులు బిడ్డలను పిడికెడు గింజలకు అమ్మజూపుటయు, పడిపోయినవాడు ప్రాణముతో నుండగనే కుక్కలు ముసురుకొనుటయు ఆనాటి తెల్ల సైనికాధికారుల దినచర్యలలోనే కలదు. కెప్టెను వాల్టర్ క్యాంబెల్ అను నతడు వ్రాసినది చదువుట కష్టము. ఆకలితో పడినవారిలో విషూచి ప్రవేశించి శేషమును ముగించెను. తెనుగు నిఘంటుకర్తయగు చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఆ కాలమున గుంటూరులో ఉద్యోగము చేయుచు, పై అధికారుల వైఖరిని లక్ష్యపెట్టక తన కంటికి కనబడినదానినిబట్టి కరవుపని నడిపించెను. వేమనను, శతకములను వెదకి తీయించినవాడుగా మాత్రమే మనము బ్రౌనును తలచుట పరిపాటియైనది. ఈ పనికిని ఆయనను తలచుట న్యాయము.

ఎందరు చచ్చిరి? గుంటూరు జిల్లాలోని 5 లక్షల జనములో లక్షన్నర మంది అని ఒక లెక్క, 2 లక్షలు అని వేరొక లెక్క. పశువుల విషయములో మాత్రము 74 వేల ఎద్దులు, 1 లక్ష 59 వేల పాడిపశువులు, 3 లక్షల గొఱ్ఱెలు మేకలు అని వ్రాసిరి. ఎద్దునకు వెలగలదు, దున్నకమునకు అక్కరకు వచ్చును, శిస్తు దానిమీద ఆధారపడును. కావున ఎద్దుల లెక్క వేలవరకు తేలినది, మనుష్యుల లెక్కలో 50 వేలు అటునిటుగా వదలివేయబడినది. మన దేశమున జనాభా లెక్కలు క్రమముగా ఎత్తుట 1871లో గాని ప్రారంభము కాలేదన్నమాట నిజమే. అయినను ఈ తేడా చదువరి గమనింపదగినది.

కరవు గడచిన పిదప మిగిలినది బీడు. విత్తనము లేదు, ఎద్దు లేదు, దున్నువాడు లేడు. జమీందారులు ఒకరి వెనుక నొకరు కూలిరి. వారి సంస్థానములు బకాయీల క్రింద జప్తై, వేలమునకు వచ్చి, కొనువారు లేక సర్కారు పాలయ్యెను. ఈ దుర్దశకు కారణములు విచారించుటకు 1845లో కమీషనరుగా వాల్టర్ ఇలియట్ వచ్చెను. అమరావతి స్తూపమును త్రవ్వించి సున్నపురాతి శిల్పములను చెన్నపట్టణమునకు పంపినవాడును ఈ ఇలియటే. ఒకే యేట, ఒకే గ్రామప్రాంతమున, ఒకే దొర ఆ సీమ ప్రాచీన వైభవమును త్రవ్వి తీయుచు, దాని ప్రస్తుత శిథిలమును నివేదికగా వ్రాయుచుండెను. ఆ శిల్పములలో పెక్కు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. 1846లో అతడు పంపిన నివేదిక గుంటూరు జమీందారీ పద్ధతికి మరణశాసనమైనది. అటుపిమ్మట అక్కడ రైత్వారీ వచ్చెను. ఇక చెదరిపోయిన జనములో, గోదావరి ముఖమునుండి ఒక పాయ సముద్రము దాటినది. మారిషస్ చెఱకుతోటలకు కూలీలను పంపు ఏజెంట్లకు 1840ల నాటికి కోరంగి రేవు వాడుకైన స్థలము. ఆ దీవిలో నేటికిని తెలుగువారు కలరు.

గోదావరి మండలము గుంటూరు వలె ఒక్క దెబ్బకు కూలలేదు, దెబ్బ మీద దెబ్బ తిని క్రుంగినది. 1833 కరవు, పిదప వరుసగా చెడ్డ యేండ్లు, 1839 నవంబరులో కోరంగిని మరల ముంచిన గాలివాన. 1821లో 7 లక్షల 38 వేలుగానున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగెను. అనగా ఇరువదేండ్లలో, యుద్ధమన్నది లేకుండ, నలుగురిలో ఒకడు లేకపోయెను. జనము తగ్గుట కంటె శిస్తు తగ్గుట చెన్నపట్టణమువారిని కలవరపెట్టినది. 1843లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ప్రత్యేక కమీషనరుగా వచ్చి, సీమ తిరిగి, మరు సంవత్సరము నివేదిక వ్రాసెను. శిస్తు తగ్గించినను హెచ్చించినను ప్రయోజనము లేదు, నీరు ఈయవలెనని దాని సారాంశము.

నీరు ఈయవలెనను మాట క్రొత్తది కాదు. 1791-92 నాటి కరవు తరువాతనే మైకేల్ టాపింగ్ అను ఖగోళవేత్త ఈ తీరమును కొలిచి, కృష్ణా గోదావరుల నీటిని పొలములకు మళ్ళించుటను గూర్చి వ్రాసి, 1796లో బందరులో మరణించెను. ఆ కాగితము అర్ధశతాబ్ది దస్త్రములలో నిద్రించెను. ఆ నిద్రలోనే నందన కరవు వచ్చిపోయినది.

1844లో ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు గోదావరి చూచుటకు వచ్చెను. అతడప్పటికే తంజావూరు సీమలో కొల్లిడము నది మీద పనిచేసి, కరికాలచోడునిదని చెప్పబడు కల్లణై ఆనకట్టను పరీక్షించి, ఇసుక పఱ్ఱమీద రాతికట్ట నిలుచు కిటుకు అక్కడి పూర్వులనుండి నేర్చికొనియుండెను. ఈ సంగతి అతడే దాపరికము లేక ఒప్పుకొన్నాడు. ధవళేశ్వరమువద్ద గోదావరి లంకలచే నాలుగు పాయలుగా చీలి, దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పున పారును. ఆ నాలుగు పాయలకును, అనగా ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములకు అడ్డముగా, పండ్రెండడుగుల ఎత్తున, కట్ట మాత్రమే రెండు మైళ్ళకు మించి నడిపింపవలెను. నదిని పూర్తిగా ఆపుట అతని ఉద్దేశము కాదు. నీటిమట్టము కాలువ నోటికి అందునంత ఎత్తు లేపి, మిగిలిన వరదను కట్టమీదుగా పొర్లిపోనిచ్చుటయే పని. 1845 ఏప్రిలులో అతడు పంపిన అంచనా 4 లక్షల 75 వేల 572 రూపాయలు. 1846 డిసెంబరు 23వ తేదీన కుంపిణీ డైరెక్టర్లు దానిని మంజూరు చేసిరి.

ఇచ్చట ఒక కూడిక చేసి చూడవలెను. నందన కరవు వలన గుంటూరు జిల్లాలో తరువాతి యేండ్లలో కుంపిణీకి నష్టమైన శిస్తు 22 లక్షల 70 వేల పౌనులని ఆనాటి ఇంజనీరు అధికారియొకడు లెక్కవేసెను. అప్పటి మారకమునుబట్టి 2 కోట్ల 27 లక్షల రూపాయలు. కాటన్ అంచనాతో అట్టి కట్టలు నలువదికి పైగా కట్టవచ్చును. కాలువలు, లాకులు, తూములు చేరినకొలది గోదావరి పని వ్యయము పెక్కు రెట్లు పెరిగిన మాట నిజము. అయినను ఆ నష్టముతో సరితూగదు. డైరెక్టర్ల మనస్సును కదిలించినది ఈ కూడికయే యని నా తలంపు. ఎముకలు పదునాలుగేండ్లు దారిలో పడియుండినను చేయలేని పనిని అంకెలు చేసినవి.

పని 1847లో ఆరంభమై 1852 మార్చి చివరకు ముగిసెను. పదివేలమంది కూలీలు, వందలకొలది వడ్రంగులు, కమ్మరులు గోదావరి గర్భమున దిగిరి. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి, ఇనుప పట్టాలమీద తోపుడుబండ్లతో రాయి నదికి చేర్చిరి. వారిలో నందన కరవునాటికి పసివారుగానుండి బ్రదికి బయటపడినవారు ఎందరుందురో ఊహింపవచ్చును. 1848లో కాటన్ ఎండదెబ్బకు గుఱియై ఆస్ట్రేలియాకు పోగా, కెప్టెన్ ఆర్ అను ఇంజనీరు ఆ బరువు మోసెను. కూలీలను సమకూర్చుటలోను, వారిచే పనిచేయించుటలోను వీణెము వీరన్న కాటన్‌కు కుడిభుజమైయుండెను. ఆయన పేరును మన పాఠ్యపుస్తకములు దొర పేరుతో సమానముగా చెప్పవలసియున్నది. ఆ కెప్టెన్ ఆర్ పర్యవేక్షణముననే బెజవాడలో ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కృష్ణకు కట్టపడి 1855లో ముగిసెను. కాలువలు నీరు పారుటకు మాత్రమే గాక పడవలు నడచుటకును త్రవ్వబడినవి. బండి లేక, ఎద్దు లేక గింజ కదలని 1833 నాటి దుస్థితికి కాటన్ ఇచ్చిన సమాధానమది.

పరీక్ష 1876లో వచ్చెను. ఆ యేడు మొదలు మూడేండ్లు దక్షిణాపథమంతయు ధాత కరవున మాడి, లక్షలకొలది జనము చచ్చినప్పుడు, కృష్ణా గోదావరీ డెల్టాలు తాము తినుటయే గాక ఇతర సీమలకు ధాన్యము పంపినవి. ఇందువలన కాటన్‌ను అన్నదాతగా తలచి తీరవాసులు విగ్రహములు పెట్టుకొనిరి, తప్పు కాదు. కాని చరిత్ర వ్రాయువాడు కాలువ పారిన చోటుతోపాటు పారని చోటును చూడవలెను. నందన కరవు మిక్కుటముగా కాల్చినది గుంటూరు సీమలోని మెట్టను. పలనాడు, వినుకొండ, నరసరావుపేట ప్రాంతములు బెజవాడ కట్టకు ఎగువన, ఎత్తుననున్నవి. ఆ కాలువల చుక్క అచ్చటికి ఎక్కదు. తెనాలి, రేపల్లెలు మాగాణులైనప్పుడు ఆ మెట్టవారు మునుపటివలెనే మబ్బును చూచుచుండిరి. రాజ్యము మారి, 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండవద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4వ తేదీన కుడి ఎడమ కాలువలకు నీరు వదలిననాడు గాని, ఆ మెట్టలకు కృష్ణ అందుట మొదలు కాలేదు. నందన సంవత్సరమునకును ఆ దినమునకును నడుమ 135 ఏండ్లు గడచినవి.

తమ గ్రామపు కరణముల పాత దస్త్రములలో ఈ కరవు ప్రస్తావనగల కాగితములు ఎవరివద్దనైనను ఉన్నయెడల, చెదలు తినకమునుపే నకలు వ్రాసి భద్రపరుపవలసినదిగా చదువరులను కోరుచున్నాను. వచ్చు సంచికలో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనను గూర్చి వ్రాయుదును.